చోరీ అవుతున్న చేతిరాతలు

మన ఇళ్ళ గోడలు మారిపోయాయి. ఒకప్పుడు ఏ ముస్లిం ఇంటికి వెళ్ళినా మక్కా, మదీనా బొమ్మలున్న క్యాలెండరు, అద్దం బిగించిన ఆయతుల్ కుర్సీ పటం కనిపించేవి. ఇప్పుడు లేజర్ యంత్రంతో కోసిన అక్రిలిక్ అక్షరాలు, బంగారు రంగు పూసిన రేకు పటాలు, కాన్వాసు మీద ముద్రించిన తుగ్రాలు వచ్చాయి. ఫోనులో చూసి ఆర్డరిస్తే నాలుగో రోజుకు గుమ్మంలోకి వస్తున్నాయి. దూరం నుంచి చూస్తే ముచ్చటగానే ఉంటాయి. దగ్గరికెళ్ళి చదివితేనే చిక్కు.

అలాంటి బిస్మిల్లా పటం ఒకటి ఇటీవల నా కంటబడింది. అందులో చివరి పదం రహీమ్. అరబీ లిపిలో 'హా' అక్షరానికి చుక్క ఉండదు. దాని పక్కనే ఉండే 'యా'కు మాత్రం కింద రెండు చుక్కలుంటాయి. ఆ పటంలో యా కింద ఒక్క చుక్కే మిగిలింది. రెండోది కుడివైపుకు జరిగి హా కిందికి చేరింది. హా కింద చుక్క పడితే అది 'జీమ్' అవుతుంది. అప్పుడా పదం రహీమ్ కాదు, రజీమ్. రహీమ్ అంటే అపార కరుణామయుడు. రజీమ్ అంటే బహిష్కృతుడు, షైతానుకు వాడే విశేషణం. ప్రతి నమాజులో 'అవూజు బిల్లాహ్' పలికే పిల్లవాడికి కూడా ఈ రెండు పదాలకూ ఉన్న తేడా తెలుసు. కానీ ఆ పటం ఆ ఇంటి హాలులో ఏడాదిగా వేలాడుతోంది!

ఈ పొరపాటు చేసింది ఎవరు? రాసిన కళాకారుడైతే కాదు. ఖత్తాత్ అనేవాడు ముందు చుక్క పెట్టడం నేర్చుకుని, ఆ తరువాతే అక్షరం నేర్చుకుంటాడు. అసలు ఈ విద్యలో చుక్కే కొలబద్ద. కలం ములికితో పెట్టిన ఒక నుఖ్తాను ఆధారం చేసుకుని అలిఫ్ ఎన్ని నుఖ్తాల ఎత్తుండాలి, నూన్ గిన్నె ఎన్ని నుఖ్తాల వెడల్పుండాలి అని లెక్కగడతారు. పదో శతాబ్దంలో బగ్దాదు వజీరు ఇబ్న్ ముఖ్లా స్థిరపరచిన పద్ధతి ఇది. చుక్కతో అక్షరాన్ని కొలిచేవాడు చుక్క మరిచిపోడు.

జరిగింది మరొకటి. ఎవరో ఒక కళాకారుడు రాసిన పటం ఫోటోను ఇంకెవరో ఇంటర్నెట్ నుంచి తీసుకున్నారు. దాన్ని కంప్యూటరులో వేసి గీతలుగా మార్చే సాఫ్ట్‌వేరుకు అప్పగించారు. ఆ సాఫ్ట్‌వేరుకు అరబీ రాదు. దాని దృష్టిలో చుక్క, మరక, నీడ అన్నీ ఒకటే. పైగా లేజర్‌తో కోసేటప్పుడు అక్షరానికి అంటుకోని చుక్కలు ఊడి కిందపడతాయి. వాటిని తిరిగి అంటించే కూలివాడికి కూడా అరబీ రాదు. ఎక్కడ ఖాళీ కనిపిస్తే అక్కడ అంటిస్తాడు. ఆ విధంగా ఒకరి కళ దొంగిలించబడింది, ఆయత్ చెడింది, కొన్నవాడు మోసపోయాడు. మూడూ ఒకే చోరీ ఫలితాలు.

పదకొండు రోజుల పని, పది నిమిషాల దొంగతనం

గుంటూరు జిల్లాలోని ఒక చిన్న పట్టణంలో ఉంటున్న ఒకామె పాఠశాలలో నా దగ్గర ఉర్దూ చదువుకుంది. చేతిరాత ముత్యాల్లా ఉండేది. పెళ్ళయ్యాక హైదరాబాదులోని ఒక ఉస్తాద్ వద్ద వీడియో పాఠాల ద్వారా నస్ఖ్, సులుస్ శైలులు నేర్చుకుంది. రెల్లు కలం తానే చెక్కుకుంటుంది. నికాహ్‌నామాలు అలంకరించి రాయడం, దుఆలు, సూరాలు రాసి ఫ్రేము కట్టించి పంపడం ఆమె పని. భర్త సంపాదన అంతంతమాత్రం. పిల్లల ఫీజులు ఈ కలం మీదే గడుస్తున్నాయి.

సూరె ఇఖ్లాస్‌ను గుండ్రటి కూర్పులో రాయడానికి ఆమెకు పదకొండు రోజులు పట్టింది. అక్షరాలు ఒకదాని భుజం మీద ఒకటి ఎక్కినట్టు, ఎక్కడా ఇరుకు లేకుండా, ఎక్కడా వెలితి లేకుండా కుదరాలి. నా ముందు పరిచిన చిత్తు కాగితాలే ముప్ఫైకి పైగా ఉన్నాయి. ఫ్రేముతో కలిపి ధర 1,800 రూపాయలు పెట్టింది. కిటికీ పక్కన గోడకు ఆనించి ఫోటో తీసి, ఫోనులో తన పేజీలో పెట్టింది.

రెండు నెలలకు ఒక ప్రసిద్ధ ఆన్‌లైన్ బజారులో అదే పటం 299 రూపాయలకు కనిపించింది. ఆ పటం అచ్చంగా ఆమెదే. ఆమె తీసిన ఫోటోనే పెట్టారు. పటం అంచున ఆమె ఇంటి కిటికీ ఊచల నీడ కూడా అలాగే ఉంది. కింద మూలన ఉన్న సంతకం ఒక్కటే చెరిపేశారు. దొంగ ఎంత బద్ధకస్తుడంటే ఇంటి నీడను కూడా తుడవలేదు!

డబ్బు నష్టం ఒక ఎత్తు. అంతకంటే ఆమెను బాధించింది మరొకటి. ఒక కొనుగోలుదారు ఆమెకే సందేశం పంపాడు. "అదే పటం అక్కడ 299కి ఉంది, మీరు దాన్ని చూసి కాపీ కొట్టి ఆరింతలకు అమ్ముతున్నారా?" అని అడిగాడు. తన సొత్తుకు తానే దొంగగా నిలబడవలసి రావడం! ఆమె నాతో చెబుతూ, "సార్, చిత్తు కాగితాలన్నీ ఫోటో తీసి అతనికి పంపాను. అతను జవాబివ్వలేదు" అంది.

ఆ బజారు నిర్వాహకులకు ఫిర్యాదు చేసింది. హక్కు నిరూపించే పత్రాలు పంపమన్నారు. పంపింది. కొన్నాళ్ళకు ఆ పటం తొలగించారు. వారం తిరక్కుండా మరో దుకాణం పేరుతో మళ్ళీ వచ్చింది. ఈసారి ఒక మార్పు చేశారు. ఒకే బొమ్మను పోల్చి పట్టుకునే యంత్రాల కళ్ళు గప్పడానికి బొమ్మను ఎడమ కుడి తిప్పేశారు. పువ్వుల బొమ్మను తిప్పితే పువ్వులే ఉంటాయి. అక్షరాలను తిప్పితే? అద్దంలో చూసినట్టు తలకిందులైన సూరె ఇఖ్లాస్ అది. దాన్ని కూడా కొన్నారు, కింద అయిదు నక్షత్రాలు ఇచ్చారు. ఉస్మానీ ఖత్తాత్‌లు అద్దపు ప్రతిబింబంలా జంటగా రాసే ఒక శైలి ఉన్నమాట నిజమే. కానీ అందులో ఒక పక్క సరిగ్గా చదవడానికి వీలుగా ఉంటుంది. ఇక్కడ ఏ పక్కా లేదు.

యంత్రాలకు పన్నిన వల

ఈ చోరీ ఎలా నడుస్తుందో తెలియాలంటే 2019 డిసెంబరులో జరిగిన ఒక వింత సంఘటన చెప్పుకోవాలి. అప్పట్లో ట్విట్టర్‌లో తమ బొమ్మలు పెట్టుకునే చిత్రకారులకు ఒక విషయం అర్థమైంది. బొమ్మ కింద ఎవరైనా అభిమాని "ఇది టీషర్టు మీద ఉంటే బాగుండును" అని రాస్తే చాలు, కాసేపట్లో ఆ బొమ్మతో టీషర్టు ఏదో ఒక వెబ్‌సైటులో అమ్మకానికి వస్తోంది. మనుషులు చూసి చేస్తున్న పని కాదది. ఆ మాటలను వెతికే బాట్లు, అంటే స్వయంచాలక ప్రోగ్రాములు, బొమ్మను లాగేసుకుని దుకాణంలో పెట్టేస్తున్నాయి.

దాంతో ఒక చిత్రకారిణి పరీక్ష పెట్టింది. ఈ వెబ్‌సైటు దొంగిలించిన బొమ్మలు అమ్ముతోంది, కొనవద్దు అనే అర్థం వచ్చే రాతతోనే ఒక బొమ్మ వేసి, టీషర్టు కావాలని అడగమని తన అభిమానులను కోరింది. వాళ్ళు అడిగారు. ఆ హెచ్చరికే టీషర్టై అమ్మకానికి వచ్చింది! తన దొంగతనాన్ని తానే చాటుకునే సరుకును దొంగ తన అంగట్లో పెట్టుకున్నాడు. ఆ తరువాత మిగిలిన చిత్రకారులు డిస్నీ కంపెనీ వారి మిక్కీ మౌస్‌ను వేసి, మేము హక్కులు ఉల్లంఘించాం, మా మీద దావా వేయండి అనే అర్థం వచ్చేలా కింద రాసి వల విసిరారు. బాట్లు వాటినీ మింగాయి. చిన్న చిత్రకారుడి గోడు వినని దుకాణదారు డిస్నీ వకీళ్ళకైనా భయపడతాడేమోనని వాళ్ళ ఆలోచన.

నవ్వు తెప్పించే కథే. కానీ ఈ వ్యాపారపు లోగుట్టు అందులో ఉంది. దీన్ని 'ప్రింట్ ఆన్ డిమాండ్' అంటారు. అమ్మేవాడి దగ్గర సరుకు ఉండదు. గోదాము ఉండదు. ఒక్క ఫైలు ఉంటే చాలు. ఆర్డరు వచ్చాకే ఎక్కడో ముద్రిస్తారు, ఇంకెవరో పంపుతారు. నిజాయితీపరుడైన పేద కళాకారుడికి పెట్టుబడి లేకుండా వ్యాపారం చేసుకునే వరం ఇది. దొంగకు కూడా అంతే వరం. వెనకటి రోజుల్లో దొంగసరుకు అమ్మేవాడికి పట్టుబడితే నష్టపోయే సరుకైనా ఉండేది. ఇప్పుడు వెయ్యి బొమ్మలు పెట్టి పది అమ్ముడైనా లాభమే, అయిదు వందలు తొలగించినా నష్టం లేదు.

పెద్ద కంపెనీల మీద కూడా ఆరోపణలున్నాయి. చవక దుస్తుల ఆన్‌లైన్ కంపెనీ షీన్ మీద 2023 జూలైలో ముగ్గురు డిజైనర్లు అమెరికాలోని కాలిఫోర్నియా ఫెడరల్ కోర్టులో దావా వేశారు. తమ డిజైన్లను ఉన్నవి ఉన్నట్టుగా కాపీ చేసి అమ్మారన్నది వారి ఆరోపణ. మన దేశంలో 2018లో ఢిల్లీకి చెందిన పీపుల్ ట్రీ అనే చిన్న సంస్థ, తాము బ్లాకులతో అద్దే యోగాసనాల బొమ్మ ఫ్రెంచి సంస్థ డియోర్ గౌను మీద కనిపించిందని బయటపెట్టింది. అది కోర్టు బయట రాజీతో ముగిసింది. డియోర్‌కు కాపాడుకోవలసిన పేరుంది గనుక రాజీ కుదిరింది. వారానికో పేరు మార్చుకునే దుకాణానికి పేరు పోతుందనే భయమెక్కడిది?

పూర్వం కూడా నకళ్ళు ఉండేవి

"ఖత్ విద్యలో నకలు చేయడం తప్పేమిటి? ఉస్తాద్ రాత చూసి షాగిర్ద్ రాయడమే కదా విద్య?" అని కొందరు వాదిస్తారు. అడగవలసిన ప్రశ్నే. షాగిర్ద్ ఏళ్ళ తరబడి ఉస్తాద్ రాతను దించుతాడు. దాన్నే మష్ఖ్ అంటాం. అయితే ఉస్మానీ సంప్రదాయంలో ఉస్తాద్ ఇజాజత్ ఇచ్చేదాకా షాగిర్ద్ తన రాత కింద 'దీన్ని రాసింది ఫలానా' అని పేరు పెట్టుకోవడానికి వీల్లేదు. నకలు చేయడానికి అడ్డులేదు, పేరు పెట్టడానికే అర్హత కావాలి. నేటి బజారులో ఇదంతా తిరగబడింది.

ఇబ్న్ అల్ బవ్వాబ్ గురించి చరిత్రకారుడు యాఖూత్ అల్ హమవీ నమోదు చేసిన ఒక ముచ్చట మదర్సాల్లో ఇష్టంగా చెప్పుకుంటారు. ఆయన షీరాజులో బువైహిద్ పాలకుడు బహావుద్దౌలా గ్రంథాలయాన్ని చూసుకునేవాడు. అక్కడ ఇబ్న్ ముఖ్లా చేత్తో రాసిన ఖుర్‌ఆన్ భాగాలు దొరికాయి. ముప్ఫైలో ఇరవై తొమ్మిదే ఉన్నాయి. తప్పిపోయిన జుజ్‌ను తాను రాసి పూర్తిచేస్తానని, ఏది తనదో గుర్తుపట్టలేకపోతే నూరు దీనార్లు, ఖిల్‌అత్ ఇప్పించాలని ఇబ్న్ అల్ బవ్వాబ్ పాలకుడితో పందెం వేశాడు. పాత కాగితం వెతికి రాశాడు, పాత జిల్దు కట్టాడు. పాలకుడు గుర్తుపట్టలేకపోయాడు. చివరకు ఆయన ఆ దీనార్లకు బదులు గ్రంథాలయంలో పడి ఉన్న పాత చీనా తెల్లకాగితాలు ఇప్పించమన్నాడట. రాతగాడి ఆశ కాగితం మీదే! ఇంతకీ ఆ నకలులో దాపరికం లేదు. యజమానికి ముందే తెలుసు.

మరో రకం మోసం కూడా పాతదే. పదమూడో శతాబ్దపు మహాఖత్తాత్ యాఖూత్ అల్ ముస్తఅసిమీ సంతకంతో ప్రపంచ మ్యూజియాల్లో ఉన్న ప్రతుల్లో చాలావాటిలో ఆ సంతకం నకిలీదని పరిశోధకులు అంటారు. ఇతరులు తమ రాత కింద ఆయన పేరు పెట్టారన్నమాట. గమనించండి, ఆ నకిలీగాళ్ళు తమ పనికి ఉస్తాద్ పేరు తగిలించారు. నేటి వాళ్ళు ఉస్తాద్ పనికి ఉన్న పేరునే కోసేస్తున్నారు.

ధర్మశాస్త్రం ఏమంటుంది?

ఈ సమస్య మీద ఉలమాల్లో ఒకప్పుడు భిన్నాభిప్రాయం ఉండేదన్న మాట దాచనక్కర్లేదు. గత తరపు పండితుల్లో కొందరు 'హక్కె తస్నీఫ్'ను, అంటే గ్రంథకర్త హక్కును, అంగీకరించలేదు. చేతితో పట్టుకోలేని హక్కు 'మాల్' ఎలా అవుతుంది, కొన్న పుస్తకాన్ని దించుకునే అధికారం కొన్నవాడికి ఉండదా, విద్యకు తాళం వేయవచ్చా అన్నవి వారి ప్రశ్నలు. ఆ ప్రశ్నల్లో పస లేకపోలేదు. కాగితం కొని, కలం ముంచి, నెలల తరబడి దించుకునే కాలం వారిది. దించేవాడు కూడా చెమటోడ్చేవాడు.

కాలం మారింది. వర్తక లోకపు వాడుకలో, అంటే ఉర్ఫ్‌లో, ఇలాంటి హక్కులకు వెలకట్టి అమ్మడం, కొనడం స్థిరపడింది. 1988 డిసెంబరులో కువైట్‌లో జరిగిన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ అయిదో సమావేశం తన 43వ తీర్మానంలో వ్యాపార నామం, రచన, ఆవిష్కరణ మొదలైనవాటి హక్కులు వాటి యజమానులకే చెందుతాయని, వాటిని అతిక్రమించడం తగదని తేల్చింది. ఆ తరువాత వచ్చిన ఫత్వాల్లో అధిక భాగం ఈ దారిలోనే ఉన్నాయి.

అయినా, హక్కును ఒప్పుకోని పాత అభిప్రాయాన్నే పట్టుకుని కూర్చున్నా ఈ అమ్మకందారు బయటపడలేడు. ఎందుకంటే ఇక్కడ ఉన్నది నకలు ఒక్కటే కాదు, తద్‌లీస్ కూడా. అంటే సరుకు లోపాన్ని కప్పిపుచ్చి అమ్మడం. దైవప్రవక్త (స) మదీనా బజారులో ధాన్యపు రాశిలో చేయిపెట్టి చూసిన ఉదంతం మీకు తెలిసిందే. పైన పొడిగింజలు, లోపల తడిగింజలు. వాన పడిందని వర్తకుడు చెప్పినప్పుడు, ఆ తడిసినవాటిని జనానికి కనిపించేలా పైన ఎందుకు పెట్టలేదని ఆయన నిలదీశారు. ఆన్‌లైన్ బజారులో కనిపించే ఫోటో ఆ రాశి పైభాగమే. కళాకారిణి చేత్తో రాసిన అసలు పటాన్ని ఫోటోలో చూపి, చుక్కలు రాలిన యంత్రపు నకలును పెట్టెలో పంపడం తడిగింజల వ్యాపారం కాదా?

ఆయత్ ఎవరి సొత్తూ కాదు కదా అని మరో వాదన. నిజమే. సూరె ఇఖ్లాస్ మీద ఎవరికీ హక్కు లేదు, ఉండదు. దాన్ని ఆ గుండ్రటి కూర్పులో పేర్చిన శ్రమ మాత్రం ఆ ఆడబిడ్డది. కావలసినవాడు అదే సూరాను తన చేత్తో తనకు వచ్చినట్టు రాసుకుని అమ్ముకోవచ్చు. ఎవరూ కాదనరు.

బందరు అద్దకానికి పట్టిన గతి

తెలుగువారికి ఈ చోరీ కొత్తది కాదు. బందరు రేవు నుంచి గోల్కొండ సుల్తానుల కాలంలో ఇరానుకూ, ఆపైన డచ్చి, ఇంగ్లీషు ఓడల్లో యూరపుకూ అద్దకపు బట్ట వెళ్ళేది. కలంకారీ అన్న మాటే ఫార్సీది, కలంతో చేసే పని. కరక్కాయ, గేదెపాలలో బట్ట నానబెట్టడం, తుప్పు ఇనుము, బెల్లం పులియబెట్టి నలుపు తీయడం, పటికతో ఎరుపును పట్టించడం, కాలువ నీటిలో ఉతకడం... ఉతికినా పోని ఆ రంగు రహస్యం యూరపువారికి అంతుబట్టలేదు. తమ నేతగాళ్ళు దెబ్బతింటున్నారని ఫ్రాన్సు 1686లో ఈ బట్టను నిషేధించింది. 1759 దాకా ఆ నిషేధం సాగింది. ఇంగ్లండు కూడా 1721లో చట్టం చేసింది.

సరుకును ఆపుతూనే రహస్యం కోసం వెతికారు. కోరమాండల్ తీరంలో పనిచేసిన కోర్దూ అనే ఫ్రెంచి జెస్యూట్ పాదిరీ 1742లో స్వదేశానికి రాసిన లేఖలో అద్దకం పద్ధతినంతా అంచెలవారీగా వివరించాడు. కొత్తగా మతం మారిన అద్దకపు పనివారిని అడిగి రాబట్టిన వివరాలవి. 1783లో థామస్ బెల్ అనే స్కాట్లండు దేశస్థుడు రాగి రోలర్లతో బట్ట మీద ముద్రించే యంత్రానికి పేటెంటు పొందాడు. యంత్రానికి పేటెంటు వచ్చింది, పువ్వు గీసినవాడి పేరు ఎక్కడా లేదు. తరువాతి శతాబ్దంలో మిల్లుల చీటీగుడ్డ మన బజార్లలోకే వచ్చిపడింది.

నేడు కూడా పెడనలో టేకు చెక్క మీద ఉలితో పువ్వులు చెక్కే పనివాళ్ళున్నారు. రంగుకొక అచ్చు చొప్పున ఒక్క డిజైనుకే అనేక అచ్చులు చెక్కాలి. మచిలీపట్నం కలంకారీకి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఇక ఆన్‌లైన్ బజారులో 'కలంకారీ' అని కొట్టి చూడండి. పాలిస్టరు మీద డిజిటల్ యంత్రంతో ముద్రించిన చీరలు వరుసకట్టి వస్తాయి. అచ్చుతో అద్దిన బట్టను ఫోటో తీసి యంత్రానికి ఎక్కించినవే వాటిలో ఉంటాయి. కొందరు తెలివిగా 'కలంకారీ ప్రింట్' అని రాస్తారు. ఆ ఒక్క 'ప్రింట్' అన్న మాట చాటున ఎంత చోరీ జరుగుతోందో!

చట్టంలో దారి లేకపోలేదు

1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం బొమ్మ గీసిన క్షణం నుంచే గీసినవారికి హక్కు పుడుతుంది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. కళాకారుడి జీవితకాలం, ఆ తరువాత అరవై ఏళ్ళ వరకు అది నిలుస్తుంది. అయితే ఫిర్యాదు వేళ కాగితం అడుగుతారు కాబట్టి రిజిస్టరు చేయించుకోవడం మంచిది. మామూలు కళాకృతికి ఫీజు 500 రూపాయలు, సరుకుల మీద వాడేదైతే 2,000.

ఇక్కడ ఒక మెలిక ఉంది. చాలామంది కళాకారులకు తెలియదు. చీర మీద, దుప్పటి మీద వేయడానికి పనికొచ్చే డిజైను అయితే దాన్ని 2000 నాటి డిజైన్ల చట్టం కింద రిజిస్టరు చేయాలి. చేయకుండా యాభైకి మించి యంత్రపద్ధతిలో తయారు చేస్తే, కాపీరైట్ చట్టం 15వ సెక్షన్ ప్రకారం ఉన్న హక్కు కూడా పోతుంది. రిజిస్టరు చేసిన డిజైనుకు రక్షణ పదేళ్ళు, మరో అయిదేళ్ళు పొడిగించుకోవచ్చు. గోడకు తగిలించే పటం కళాకృతా, సరుకు మీద వేసే నమూనా డిజైనా అన్న వివాదం ఎన్నో ఏళ్ళుగా కోర్టుల్లో నలిగి, 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్ని తేల్చే కొలతలు చెప్పింది. పటాలు రాసేవారు, బట్టల నమూనాలు గీసేవారు ఎవరి దారి ఏదో ముందే తెలుసుకోవాలి.

ఆన్‌లైన్ బజారుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తే, 2013 నాటి కాపీరైట్ నిబంధనల ప్రకారం 36 గంటల్లో ఆ సరుకును కనబడకుండా చేయాలి. ఆ నిలుపుదల 21 రోజులే. ఆలోగా కోర్టు ఉత్తర్వు తేకపోతే తిరిగి పెట్టుకోవచ్చు. ఇక్కడే చిన్న కళాకారుడు చతికిలబడుతున్నాడు. 299 రూపాయల పటం కోసం కోర్టుకెక్కేదెవరు? 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు అమ్మకందారు పేరు, చిరునామా కొనేవారికి తెలిసేలా ఉంచాలన్నాయి. పదేపదే ఇలాంటి ఫిర్యాదులతో సరుకు తొలగించబడిన అమ్మకందారుల జాబితాను బజారు నిర్వాహకులు ఉంచుకోవాలని కూడా చెప్పాయి. ఆ జాబితా నిజంగా చూస్తున్నట్లయితే అదే దొంగ వారం తిరక్కుండా కొత్త బోర్డు కట్టుకుని ఎలా వస్తున్నాడు? ప్రతి అమ్మకంలోనూ కమిషను పుచ్చుకుంటూ, తగవు రాగానే మేము కేవలం మధ్యవర్తులం అనడం ఈ బజార్లకు అలవాటైంది. తెలిసి చేసిన ఉల్లంఘనకు 63వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ళ జైలు ఉంది. ఇది వారంటు లేకుండా అరెస్టు చేయదగిన నేరమని సుప్రీంకోర్టు 2022 మేలో స్పష్టం చేసింది. చాలా పోలీసు స్టేషన్లలో ఈ మాట చెబితే విచిత్రంగా చూస్తారు, అది వేరే సంగతి.

మన జల్సా ఫ్లెక్సీలు

బయటివారిని అన్నాక ఇంటి సంగతి కూడా చెప్పాలి. సీరత్ జల్సా వస్తే, రంజాన్ వస్తే మన కమిటీలవారు ఏం చేస్తున్నారు? డీటీపీ షాపుకు వెళ్ళి ఇంటర్నెట్‌లో దొరికిన ఏదో ఒక ఖత్‌ను దింపించి, మూలనున్న సంతకం మీద చందాదారుల ఫోటోలు అంటించి ఫ్లెక్సీ వేయిస్తున్నారు. షాదీ కార్డుల మీద బిస్మిల్లా కూడా అలా వచ్చిందే. దీనీ పని గదా, సవాబ్ గదా అని సమాధానం. ఒక పేద కాతిబ్ కూలి ఎగ్గొట్టి సంపాదించే సవాబ్ ఎలాంటిదో ముఫ్తీ సాబ్‌లను అడిగితే బాగుండును. ఇప్పుడిక కృత్రిమ మేధ కూడా వచ్చింది. అది గీసే 'అరబీ'లో చాలాసార్లు అక్షరాలే ఉండవు, అక్షరాల్లాంటి వంకరలు ఉంటాయి. దాన్ని కూడా ఆయత్ అనుకుని కళ్ళకద్దుకునేవారున్నారు.

ఆ సూరె ఇఖ్లాస్ రాసినామె ఇప్పుడు పద్ధతి మార్చింది. సంతకం మూలన పెట్టడం మానేసి, కూర్పు మధ్యలో, తీసేస్తే చుట్టూ ఉన్న అలంకారమే తెగిపోయే చోట సన్నగా రాస్తోంది. చిత్తు కాగితాల వెనుక తేదీ వేసి దాచుకుంటోంది. ఫోనులో పెట్టే ఫోటో చిన్న సైజులో, ఒక పక్కనుంచి వంపుగా తీసి పెడుతోంది, లేజర్ యంత్రానికి పనికిరాకుండా. నేరుగా తీసిన పెద్ద ఫోటో డబ్బు కట్టినవారికే పంపుతుంది. తిరగేసిన ఆ నకలు మీద రెండోసారి పెట్టిన ఫిర్యాదుకు, ఈ వ్యాసం రాసేనాటికి, అందిందన్న జవాబు మాత్రమే వచ్చింది. పటం ఇంకా అమ్ముడవుతూనే ఉంది. ధర 249కి తగ్గించారు.